గొంతు ఎవరిది

"బాగున్నారు" అని నాలుగుసార్లు రాశాను. నా చేత్తోనే, నీలం ఇంకుతో, గడి దాటకుండా రాశాను. ఐదోసారి ఫోన్ చేసేసరికి ఆ అబ్బాయి పోయి ఆరు రోజులైంది.

ముందు నా సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళు ఈ ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్నదాన్ని. ఎముకల వార్డు కావాలన్నవాళ్ళని ఎముకల వార్డుకి కలిపేదాన్ని, సూపరింటెండెంటు కావాలన్నవాళ్ళకి ఆయన లేడని చెప్పేదాన్ని. నా నోటికి జడిసి చిటపట అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు, ఆ మాత్రం భయం ఉంది. పోయినేడాది ఎక్స్ఛేంజి ఎత్తేసి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే మెషీను పెట్టారు. అది నాకంటే మర్యాదగా మాట్లాడుతుందట. మాట్లాడదూ మరి, దానికి ఎవరి గోడూ వినే పని లేదు.

నన్ను ఎక్కడ పడెయ్యాలో తెలియక ఆఫీసువాళ్ళు తల గోక్కుంటుంటే, మానసిక వైద్య విభాగం డాక్టరమ్మ వచ్చి నన్ను తనకిమ్మని అడిగింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. అందరూ అరిచే ఆసుపత్రిలో ఆవిడ ఒక్కతే గొంతు పెంచదు. ఆ నెమ్మదితనం చూస్తే నాకు మొదట్లో ఒళ్ళు మండేది.

"ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళు మా దగ్గరికొస్తారక్కా" అంది. "నాలుగు రోజులుంచి ఇంటికి పంపిస్తాం. అసలు ప్రమాదం ఆ తర్వాత కొన్ని వారాలే. సరిగ్గా అప్పుడే మేం వాళ్ళకి కనపడం. ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతూ ఉండాలి."

"నన్నా అడగమనేది? నేను హలో అంటేనే సగం మంది పెట్టేస్తారు."

"మీరు ఎవరేం చెప్పినా నమ్మరు కదా. నాకు అదే కావాలి."

పొగిడిందో తిట్టిందో తెలియలేదు. ఒప్పుకున్నాను.

మెట్ల కింద విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గది ఒకటి ఉంటే వాటిని ఓ పక్కకి నెట్టి, బల్ల, కుర్చీ, ఫోన్ వేశారు. కిటికీలోంచి ఆక్సిజన్ సిలిండర్లు దించే చోటు కనపడుతుంది. ఒక్కో పేషెంటుకి ఒక్కో కాగితం. ఇంటికి వెళ్ళిన రెండో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ముప్పై, ఇలా గడులు. నిద్ర, తిండి, మందులు, చనిపోవాలన్న ఆలోచన, ఇవి అడగాలి. చివర "పరిస్థితి" అని ఇంకో గడి. పని మొదలుపెట్టే ముందు ఒక శిక్షణ కూడా ఇచ్చారు. మెత్తగా మాట్లాడాలి, ఎదురు చెప్పకూడదు, ఇంటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు అని రెండు పూటలు చెప్పారు. నేను బుద్ధిగా విన్నాను. జీవితంలో బుద్ధిగా విన్నది అదొక్కసారే, దాని ఫలితం అనుభవిస్తున్నాను.

ఆ అబ్బాయి కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. ఒకసారి ఆసుపత్రికి వచ్చి, బతికి, ఆరో రోజు ఇంటికి వెళ్ళాడు. కాగితం మీదున్న నంబరుకి రెండో రోజు ఫోన్ చేశాను. తండ్రి ఎత్తాడు.

"బాగున్నాడమ్మా" అన్నాడు. "రాత్రి నిద్రపోయాడు. పొద్దున తిన్నాడు. మందులు నేనే ఇస్తున్నాను. మీరు గుర్తుపెట్టుకుని చేశారు, చాలా సంతోషం."

ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళలో నాకెవరూ సంతోషం అని చెప్పలేదు. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారట. కొత్తవాళ్ళ పక్క సీట్లో కూర్చుని నేర్పిస్తాడు. భార్య ఎప్పుడో పోయింది, ఇంట్లో తండ్రీ కొడుకులే. అంత పద్ధతిగా మాట్లాడే మనిషిని మీ అబ్బాయికి ఫోనివ్వండి అని నిలదీయడానికి నోరు రాలేదు. "బాగున్నారు" అని రాసి పక్కన పెట్టాను. ఏడో రోజూ అంతే. పద్నాలుగో రోజూ అంతే. ఇరవై ఒకటో రోజున "కొంచెం నవ్వుతున్నాడు కూడా" అన్నాడు. నాకూ ఆ పూట హాయిగా అనిపించింది.

ఒక్క విషయం మాత్రం చెవిలో పడింది. ఆయన మాట్లాడినంతసేపూ వెనకాల స్కూటర్ల చప్పుడు, ఎవరో నడుస్తూ దగ్గడం వినపడేది. మనిషి లోపల మాట్లాడుతున్నాడా, బయట మాట్లాడుతున్నాడా అన్నది ఫోన్ పట్టుకున్న క్షణంలో నాకు తెలిసిపోతుంది. ఈయన ప్రతిసారీ వీధిలోకి వచ్చి ఎందుకు మాట్లాడుతున్నాడు అని అనుకున్నాను కూడా. అనుకుని ఊరుకున్నాను. అది రాయడానికి కాగితం మీద గడి లేదు.

ముప్పయ్యో రోజున ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు.

"మా వాడు లేడమ్మా" అన్నాడు.

పనికి వెళ్ళాడనుకున్నాను. "ఎన్నింటికి వస్తాడండీ?" అని అడిగాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆయన జరిగింది చెప్పి, "మీరు పాపం ప్రతిసారీ కనుక్కున్నారు. థ్యాంక్స్ అమ్మా" అని పెట్టేశాడు.

ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు "బాగున్నారు"లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆ అబ్బాయి గొంతు సన్నగా ఉంటుందో, బొంగురుగా ఉంటుందో నాకు తెలియదు. నాలుగుసార్లు పలకరించానని రికార్డులో ఉంది.

మర్నాడు డాక్టరమ్మ గదిలో మీటింగు పెట్టారు. నా ఉద్యోగం ఊడుతుందనే వెళ్ళాను. ఊడితే బాగుండుననే వెళ్ళాను. ఆవిడ మాత్రం తప్పెవరిదని అడగలేదు. "ఈ నంబరు కాగితం మీదికి ఎలా వచ్చింది?" అని అడిగింది. ఎలా వచ్చిందంటే, చేర్చుకునే కౌంటరు గుమాస్తా "నంబరు చెప్పండి" అని నిలబడ్డవాళ్ళని అడుగుతాడు. పేషెంటు స్ట్రెచర్ మీద పడుకుని ఉంటాడు. నిలబడ్డవాళ్ళు వాళ్ళ నంబరు చెప్తారు. అరవై మూడు కాగితాలు బయటికి తీస్తే నలభై ఒక్కదాంట్లో ఉన్నది మొగుడి నంబరో, అత్త నంబరో, అన్న నంబరో. అంటే ఇన్నాళ్ళూ నేను పలకరించింది పేషెంట్లని కాదు, వాళ్ళ కాపలావాళ్ళని.

ఆ వారంలోనే పద్ధతి మారింది. ఇంటికి పంపే ముందు నేనే మంచం దగ్గరికి వెళ్ళి, ఇంటివాళ్ళని బయట కూర్చోబెట్టి, పేషెంటు నంబరు పేషెంటు నోటితోనే తీసుకోవాలి. ఎన్నింటికి చేస్తే ఒంటరిగా మాట్లాడగలరో కూడా అడగాలి. కాగితం మీద కొత్త గడి వచ్చింది: "విన్న గొంతు ఎవరిది?" పేషెంటు గొంతు వినకపోతే ఆ ఫోన్ చేసినట్టే కాదు. ఎవరైనా బాగాలేనని చెప్తే, వారం తర్వాత రమ్మనకుండా ఆ రోజే చూడటానికి డాక్టరమ్మ ఓ పూట ఖాళీగా ఉంచింది. మనిషి రాలేకపోతే నర్సుని బండిలో పంపడానికి సూపరింటెండెంటు చేత సంతకం పెట్టించింది. ఆయన ఆ రోజు నిజంగానే సీట్లో ఉన్నాడు.

అన్నీ అయ్యాక నన్ను ఆగమంది.

"ఆ మాస్టారికి కూడా ఓ కాగితం తెరవండి అక్కా."

"ఆయన పేషెంటు కాదుగా."

"ఇట్లా కొడుకుని పోగొట్టుకుని ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. ఇప్పుడు అందరికంటే ప్రమాదంలో ఉన్నది ఆయనే."

"ఆ నంబరుకి నేను చెయ్యను. ఇంకెవరితోనైనా చేయించండి."

"ఇంకెవరైనా చేస్తే ఆయన మొదట్నుంచీ చెప్పుకు రావాలి. మీకైతే అక్కర్లేదు." ఆగి, "మీరు కూడా ప్రతి శుక్రవారం నా దగ్గరికొచ్చి ఓ అరగంట కూర్చోండి. ఇది ఒక్కరు మోసే బరువు కాదు" అంది. నాకేం రోగం అని అడగబోయాను గానీ, అప్పటికే కళ్ళ నిండా నీళ్ళు.

మొదటిసారి చేశాను. ఆయన ఎత్తి, నా గొంతు గుర్తుపట్టి, "ఇంకెవరికోసం చేశారమ్మా?" అన్నాడు. దెప్పలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"మీకోసమే మాస్టారూ. మీరెలా ఉన్నారని."

"నేనా? బాగున్నానమ్మా."

అదే మాట, అదే మర్యాద. ఈసారి మాత్రం వెనకాల స్కూటర్లు లేవు. దాక్కుని మాట్లాడే అవసరం తీరిపోయింది కదా, లోపలే కూర్చుని మాట్లాడుతున్నాడు. ఆ ఇంట్లో గడియారం, ఫ్యాను, పంపులోంచి బొట్లు పడే చప్పుడు నాకు వినపడుతున్నాయి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని అడగాల్సిన చోటికి వచ్చి, "నిద్ర పడుతోందా?" అని అడిగాను. పడుతోందన్నాడు. నమ్మలేదు. అయినా ముందుకి వెళ్ళలేకపోయాను. ఎవరైనా నన్ను పిరికిది అంటే ఆ రోజైతే ఒప్పుకునేదాన్ని.

శుక్రవారం డాక్టరమ్మతో చెప్పాను. "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని భయమేసింది."

"పుట్టదక్కా. ఉన్నవాళ్ళకి చెప్పుకునే దారి దొరుకుతుంది, లేనివాళ్ళు లేదంటారు. చుట్టూ తిప్పి అడిగితే వాళ్ళూ చుట్టూ తిప్పే చెప్తారు."

రెండోసారి ఫోన్ చేసినప్పుడు అడిగాను. లేదమ్మా అన్నాడు, అంతే. నేర్చుకునేవాళ్ళని వేరే మాస్టారికి అప్పగించానని, కాళ్ళనొప్పులని చెప్పాడు. మూడోసారి చేసింది బుధవారం, పొద్దున పదకొండుకి.

"హలో" అన్నాడు.

ఆ ఒక్క మాటకే నాకు తేడా తెలిసిపోయింది. గొంతు గోడలకి కొట్టుకుని తిరిగి వస్తోంది. సున్నం కొట్టడానికి సామాను బయట పెట్టిన గదిలో మాట్లాడినట్టుంది. గడియారం చప్పుడు లేదు.

"మాస్టారూ, ఇల్లు మారుతున్నారా?"

"లేదే."

"సామానేదీ?"

ఆయన చిన్నగా నవ్వాడు. "ఫోన్లో సామాను కూడా కనపడుతుందా అమ్మా మీకు? ఊరికే, అవసరమైనవాళ్ళకి ఇచ్చేశాను. ఒక్కడికి ఎన్ని కుర్చీలు కావాలి. మంచిదైంది మీరు చేశారు, చెబుదామనుకుంటున్నాను. ఇంక మీరు శ్రమపడి ఫోన్ చెయ్యక్కర్లేదు. ఇన్నాళ్ళూ కనుక్కున్నారు, మీ మేలు మర్చిపోను."

శిక్షణలో చెప్పినవన్నీ ఆ క్షణంలో గాలికి పోయాయి. "మీరు అబద్ధం చెప్తున్నారు" అన్నాను. నా పాత ఎక్స్ఛేంజి గొంతు అది. బయట సిలిండర్లు దించే మనిషి కూడా వెనక్కి తిరిగి చూశాడు. "నాకు నాలుగుసార్లు బాగున్నాడని చెప్పారు. నేను నాలుగుసార్లు రాసుకున్నాను. మీ అబ్బాయికి ఫోనివ్వమని ఒక్కసారి కూడా అడగలేదు నేను, నా తప్పది. ఇవాళ కూడా బాగున్నారని రాసుకుని పెట్టెయ్యమంటారా? నా వల్ల కాదు. చచ్చిపోదామనుకుంటున్నారా మాస్టారూ?"

ఆయన పెట్టెయ్యలేదు, ఊపిరి వినపడుతోంది.

"అవునమ్మా" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు భయం వెయ్యలేదు. ఒక రకంగా నిలబడటానికి నేల దొరికినట్టయింది. రిసీవరు చెవికి ఆనించుకునే, రెండో చేత్తో తలుపు తోసి, వరండాలో పోతున్న వార్డు నర్సుని పిలిచి కాగితం మీద "మాస్టారు, ఇప్పుడే, బండి" అని రాసి చూపించాను. ఆమె పరుగెత్తింది. ఆయనకి కూడా దాచలేదు.

"మా నర్సు బయల్దేరింది. మిమ్మల్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకొస్తుంది. వచ్చేదాకా నేను పెట్టను, మీరూ పెట్టకండి."

"ఎందుకమ్మా ఇదంతా. నాలాంటివాడికి." ఆయన గొంతు మొదటిసారి చిట్లింది. "ముప్పై ఏళ్ళు పక్క సీట్లో కూర్చున్నాను. నేర్చుకునేవాడు ఎటు తిప్పినా నా కాలు బ్రేకు మీదే ఉండేది. ఒక్క యాక్సిడెంటు లేదు. నా కొడుకు దగ్గర మాత్రం... మీరు ఫోన్ చేసినప్పుడల్లా వాడికి వినపడకూడదని వీధిలోకి వచ్చేవాణ్ణి. ఆసుపత్రి మాట చెవినబడితే మళ్ళీ గుర్తొస్తుందని. ఇంట్లో ఆ సంగతే ఎత్తేవాణ్ణి కాదు. తిన్నావా అని అడిగేవాణ్ణి. తిన్నానూ అనేవాడు. తలుపేసుకునేవాడు. ఏరా, ఎట్లా ఉందిరా అని ఒక్కసారి అడగలేకపోయాను."

ఓదార్చడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ తప్పేం లేదు అంటే ఆయన నమ్మడు, నేనూ నమ్మను. "నేనూ అడగలేదు మాస్టారూ" అన్నాను.

బండి రావడానికి నలభై నిమిషాలైనా పడుతుంది. నలభై నిమిషాలు ఏం మాట్లాడాలి? జనాన్ని కసరడం తప్ప వేరే మాట రానిదాన్ని. నోటికొచ్చింది అడిగేశాను.

"నాకు కారు నడపడం రాదు. క్లచ్ అంటే ఏంటి?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాకు తొందరేం లేదు."

మెల్లగా మొదలుపెట్టాడు. ఎడమకాలు పూర్తిగా తొక్కాలి, గేరు వెయ్యాలి, కాలు ఒక్కసారిగా తియ్యకూడదు, బండి కాస్త వణికే చోట ఆపాలి అని చెప్పాడు. నేను బల్ల కింద చెప్పులు విప్పి నిజంగానే కాళ్ళు కదిపాను. "ఏ కాలు పెట్టారు?" అన్నాడు. కుడికాలు అన్నాను. "అది బ్రేకు కాలమ్మా. బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చెయ్యండి" అన్నాడు. విసుక్కోలేదు. నాలుగుసార్లు ఆపేశాను బండిని. నాలుగుసార్లూ మళ్ళీ స్టార్టు చెయ్యమన్నాడు. మధ్యలో ఏడ్చాడు. ఏడ్చినంతసేపూ నేను లైనులోనే ఉన్నానని చెప్తూ ఉన్నాను. ఏడుపు ఆగాక రెండో గేరు చెప్పాడు.

డాక్టరమ్మ ఎప్పుడు వచ్చిందో, నా పక్కన చక్రాల్లేని కుర్చీ మీద కూర్చుని ఉంది. గ్లాసుతో మంచినీళ్ళు నా ముందుకి జరిపింది.

ఆ ఖాళీ ఇంట్లో తలుపు తట్టిన చప్పుడు వినపడింది. ఖాళీగా ఉందేమో, చాలా గట్టిగా వినపడింది.

"వచ్చినట్టున్నారు" అన్నాడు. లేవలేదు. కుర్చీ కదిలే చప్పుడు ఉండదు, కుర్చీలు లేవు. నేల మీద కూర్చున్నాడు కాబోలు. మళ్ళీ తట్టారు.

"తియ్యమంటారా?"

"తియ్యండి మాస్టారూ."

"తీస్తే ఏమవుతుందమ్మా? వాడు రాడుగా."

"రాడు" అన్నాను. ఇంకేమనగలను. "రాడు మాస్టారూ. అయినా తియ్యండి."

ఊపిరి పీల్చుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని లేస్తున్న మూలుగు వినపడింది. తర్వాత అడుగులు. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఆగిపోయాయి. డాక్టరమ్మ నా భుజం పట్టుకుంది. మళ్ళీ అడుగులు. గడియ తీసిన చప్పుడు.

"మాస్టారు గారేనా అండీ?" అని మా నర్సు గొంతు.

"అవునమ్మా. నేనే."

అటువైపు ఫోన్ పెట్టేశాక నా చేతిలోంచి రిసీవరు డాక్టరమ్మే తీసుకోవాల్సి వచ్చింది. ఆయన్ని చేర్చుకున్నారు. రేపేమవుతుందో నాకు తెలియదు, ఆవిడ కూడా తెలుసని చెప్పలేదు. రోజూ వార్డుకి వెళ్ళి కూర్చోమంది, వెళ్తాను.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. నలభై నిమిషాల్లో ఒక బండి వెళ్ళి ఒక తలుపు తట్టింది, మనిషి బయటికి వచ్చాడు. ఆ ఇంట్లోనే ఇంకో తలుపు మూడు వారాలకి పైగా మూసుకుని ఉంది. వీధిలో నిలబడి మాట్లాడుతున్న తండ్రితో ఒక్క మాట, లోపలికి వెళ్ళి ఆ తలుపు తట్టండి అని, నేను నాలుగుసార్లలో ఒక్కసారీ అనలేదు.